క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకు బువ్వ తగ్గించి కొవ్వు పెంచాలనుకుంటే: ఇంట్లో ఎలా చేయాలి

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలి హైదరాబాద్‌లో కీమో మొదలైతే, నెల తిరక్కముందే ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో పంపిస్తారు. చక్కెర, అన్నం మానేస్తే గడ్డ ఎండిపోతుందని, నెయ్యి, కొబ్బరి తింటే చాలని అందులో చెప్తారు. అది చూసి తెల్లారి నుంచే బువ్వ బంద్ పెట్టిన ఇళ్ళు నల్లగొండలోనూ ఉన్నాయి, పాలమూరులోనూ ఉన్నాయి. ఆ మాటలో కొంత నిజం ఉంది. తెలియకుండా చేస్తే ప్రమాదమూ ఉంది. వండిపెట్టే భార్య, కోడలు, కొడుకు ఎవరైతే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ తిండి మందు కాదు. కీమో, రేడియేషన్, ఆపరేషన్ నడుస్తుండగా పక్కన తోడుగా పెట్టుకునేది మాత్రమే. దీన్ని నమ్ముకుని చికిత్స మధ్యలో ఆపొద్దు. ఖర్చు భయంతో ఆపుదామనుకుంటే, క్యాన్సర్ చికిత్సలు తెలంగాణ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి పరిమితి ఏడాదికి 10 లక్షలు చేశారు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి అడగండి.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది

జర్మనీ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలో ఒక సంగతి గమనించారు. గడ్డలోని కణాలు మామూలు కణాల కంటే ఎక్కువ గ్లూకోజ్ లాక్కుంటాయి, ఆక్సిజన్ అందుతున్నా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. మీవాళ్ళకు పెట్ స్కాన్ చేసి ఉంటే అది పనిచేసేది ఈ లెక్కమీదనే. గ్లూకోజ్ లాంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు, ఎక్కువ పీల్చుకున్న చోటు స్కాన్‌లో వెలిగి కనిపిస్తుంది. అందుకే స్కాన్‌కు ముందు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినవద్దంటారు.

పిండిపదార్థం, అంటే అన్నం, రొట్టె, చక్కెరల్లో ఎక్కువగా ఉండేది, బాగా తగ్గించి కొవ్వు పెంచే తిండిని కీటో అంటున్నారు. అది మొదట వచ్చింది మూర్ఛ రోగం కోసం, 1921లో, అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ డాక్టర్ల పర్యవేక్షణలో పెడుతున్నారు. క్యాన్సర్‌లో దీని మీద జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవి, ఎక్కువగా మెదడు గడ్డల మీద జరిగాయి. కొందరు రోగులు ఈ తిండిని తట్టుకోగలరని వాటిలో తేలింది. దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని మాత్రం రుజువు కాలేదు.

చక్కెర మానేస్తే గడ్డకు తిండి దొరకదనేది ఎందుకు నిలవదంటే, మనం ఒక్క మెతుకు తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారు చేస్తూనే ఉంటుంది. తిండి చాలకపోతే కండ కరిగించి మరీ తయారు చేస్తుంది. అంటే పస్తు పెడితే ఎండేది మనిషి. ఇంకొకటి: 2018లో ఎలుకల మీద చేసిన ఒక అధ్యయనంలో ఒక రకం క్యాన్సర్ మందుకు ఈ తిండి తోడైతే మందు బాగా పనిచేసింది. అదే పరిశోధనలో, బ్లడ్ క్యాన్సర్ ఉన్న ఎలుకలకు మందు లేకుండా ఉత్త ఈ తిండే పెడితే జబ్బు ముదిరింది. ఏ క్యాన్సర్, ఏ మందు అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది కాబట్టి, పక్కింటాయనకు పనికొచ్చిందని మీరు మొదలుపెట్టొద్దు.

మరి దీనివల్ల లాభం ఏముంది? క్యాన్సర్ రోగుల పోషణపై యూరప్ నిపుణుల మార్గదర్శకాలు ఒక మాట చెప్తాయి. బరువు తగ్గుతూ, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని స్థితిలో ఉన్న రోగికి, వచ్చే శక్తిలో పిండి వాటా తగ్గించి కొవ్వు వాటా పెంచడం మంచిదని. అదే మార్గదర్శకాలు, బరువు తగ్గే ప్రమాదం ఉన్నవాళ్ళకు మొత్తం తిండి తగ్గించే ఏ పథ్యమూ వద్దని కూడా చెప్తాయి. నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల మధ్యనే ఉంది. బువ్వ తీసేయడం సులువు. దాని చోట్లో ఏం పెడతారన్నదే అసలు పని.

మొదటి పని: డాక్టర్‌ను అడగడం, కాగితం మీద రాసుకుని

పెద్ద ఆసుపత్రి ఓపీలో డాక్టర్ దగ్గర దొరికేది నాలుగు నిమిషాలు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎం.ఎన్.జె.కు పోయినా, నిమ్స్‌కు పోయినా, బీబీనగర్ ఎయిమ్స్‌కు పోయినా అంతే. అక్కడికి పోయాక అన్నీ మర్చిపోతాం. కాబట్టి ముందు రోజు రాత్రే రాసుకోండి: "అన్నం, రొట్టె సగానికి తగ్గించి గుడ్డు, పల్లీలు, నెయ్యి పెంచాలనుకుంటున్నాం. మా వాళ్ళకు పెట్టొచ్చా? షుగర్ మందు మార్చాలా? కిడ్నీ, కాలేయం పరీక్షలు బాగున్నాయా? ఇక్కడ డైటీషియన్ ఉన్నారా?"

కొందరికి ఇది పెట్టకూడదు. క్లోమం క్యాన్సర్ ఉన్నవాళ్ళు, క్లోమం వాచినవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు ఎక్కువ కొవ్వును తట్టుకోలేరు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకు, గర్భిణులకు వద్దు. ఇప్పటికే బక్కచిక్కి మంచం పట్టిన మనిషికి అసలే వద్దు. వాళ్ళు ఏది అడిగితే అది పెట్టండి.

షుగర్ మందుల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు వేసుకునేవాళ్ళు పిండిపదార్థం బాగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు షుగర్ పరీక్షలో అంకె మామూలుగానే కనిపించొచ్చు, అందుకే ఇది మోసం చేస్తుంది. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్ళకు షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్ ముందు పెట్టండి. పేర్లు చెప్పడం కంటే అది నయం.

కీమోతోపాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల షుగర్ లేనివాళ్ళకు కూడా ఆ రెండు మూడు రోజులు షుగర్ పెరగొచ్చు. దాన్ని చూసి భయపడి తిండి ఆపేయొద్దు, డాక్టర్‌కు చెప్పండి.

రెండో పని: బరువు చూడటం

వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే ఏమీ తినకముందు, ఒకే కాటా మీద. ఇంట్లో కాటా లేకపోతే పీహెచ్‌సీలో చూడండి. గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ పక్కనే అంకె రాయండి. కాళ్ళ వాపు ఉన్నా, పొట్టలో నీరు ఉన్నా బరువు నిలకడగా ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. అలాంటప్పుడు జబ్బ దగ్గర కొలత టేపుతో చుట్టి చూసుకోండి.

మొదటి వారం ఒంట్లో నీరు పోయి కొంచెం తగ్గడం మామూలే. ఆ తర్వాత కూడా వరుసగా తగ్గుతుంటే తిండి చాలడం లేదని అర్థం. అరవై కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే అది పెద్ద తగ్గుదల. అప్పుడు పథ్యం ఆపి డాక్టర్‌ను కలవాల్సిందే.

ఎంత తినాలో కూడా ఈ బరువే చెప్తుంది. కిలోకు 25 నుంచి 30 కేలరీలు, ఒక గ్రాముకు పైగా, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా మాంసకృత్తులు. అరవై కిలోల మనిషికి రోజుకు 1,500 నుంచి 1,800 కేలరీలు, 60 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు అన్నమాట.

ఎంత తగ్గించాలి

కీటో అని పిలిచే గట్టి పథ్యంలో రోజుకు పిండిపదార్థం 20 నుంచి 50 గ్రాములే. అది డైటీషియన్ చేతిలో ఉండాల్సిన పని. కొవ్వు కరిగినప్పుడు ఒంట్లో తయారయ్యే కీటోన్లను వేలి రక్తంతో కొలుచుకుంటూ, రక్త పరీక్షలు చేయించుకుంటూ చేయాలి. ఆ కీటోన్ల అంకె 0.5 నుంచి 3 మధ్య ఉండేలా వాళ్ళే చూస్తారు. ఇంట్లో మనంతట మనం అంత దూరం పోవద్దనేది నా గట్టి అభిప్రాయం. రోజుకు దాదాపు 100 గ్రాముల దగ్గర ఆగండి. ఊళ్ళో ఒక పూట కడుపునిండా తినే అన్నం 300 నుంచి 400 గ్రాములు ఉంటుంది, అందులోనే 85 నుంచి 110 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దాన్ని బట్టి చూస్తే 100 గ్రాములన్నా మనకు పెద్ద మార్పే.

మూడో పని: తాగేవి ముందు తగ్గించండి

అన్నం జోలికి పోకముందు గ్లాసుల్లో పోసేవి చూడండి. నల్లగొండ జిల్లా బత్తాయి తోటలకు పేరు. రోగిని చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ అరడజను బత్తాయిలు, ఒక గ్లూకోజ్ పొడి డబ్బా, రెండు బిస్కెట్ ప్యాకెట్లు తెస్తారు. "ఏం తింటున్నవ్ అవ్వా, ఇంత బక్కగైనవ్, ఈ రసం తాగు" అంటూ పక్కన కూర్చుని తాగిస్తారు. వాళ్ళది ప్రేమే. కానీ ఒక పెద్ద గ్లాసు బత్తాయి రసంలో 15 నుంచి 20 గ్రాముల చక్కెర ఉంటుంది, మాంసకృత్తులు దాదాపు ఉండవు. అది తాగాక ఆకలి చచ్చిపోయి గుడ్డు తినదు. నష్టం అక్కడ జరుగుతుంది. రసం తీయకుండా సగం పండు తొనలుగా పెట్టండి. పాలమూరు సీతాఫలం కూడా అంతే, తియ్యదనం చాలా ఎక్కువ, నాలుగు గింజల గుజ్జు రుచికి చాలు. వచ్చేవాళ్ళకు ముందే ఫోన్‌లో చెప్పండి: "పండ్లు వద్దు బాబాయ్, డజను గుడ్లు పట్రండి, లేకపోతే కిలో పల్లీలు." ఎవరూ ఏమీ అనుకోరు.

టీలో చక్కెర, కూల్‌డ్రింకులు, గ్లూకోజ్ నీళ్ళు, బిస్కెట్లు తగ్గించండి. కల్లు పూర్తిగా మానాలి. తాటి కల్లయినా ఈత కల్లయినా అందులో చక్కెరా ఉంటుంది, ఆల్కహాలూ ఉంటుంది, కీమో మందులతో కలిస్తే కాలేయానికి భారం.

నాలుగో పని: బువ్వ, రొట్టె

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద పుట్టి పెరిగినవాళ్ళకు బువ్వ తగ్గించమనడం చిన్న మాట కాదు. కంచం ఖాళీగా కనిపిస్తే మనసు కూడా ఖాళీ అయిపోతుంది. కాబట్టి చిన్న కంచం తీసుకుని కూర సగం దాకా పరిచి, పక్కన అన్నం పెట్టండి. ముందు రాత్రి పూట అన్నం తగ్గించండి, వారం తర్వాత మధ్యాహ్నం.

పాలమూరు ఇళ్ళల్లో ఇంకో నమ్మకం ఉంది, జొన్న రొట్టె అయితే ఎంతైనా తినొచ్చని. జొన్నలో పీచు ఉంది, షుగర్ కొంచెం నిదానంగా ఎక్కుతుంది, అది నిజం. పిండిపదార్థం మాత్రం బియ్యం కంటే అంత తక్కువేం కాదు. 40 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో 27, 28 గ్రాములు ఉంటుంది. సజ్జ, రాగి కూడా అదే వరసలోనివి. సర్వపిండి బియ్యప్పిండే. రోజుకు ఒక చిన్న రొట్టె, ఒక చిన్న కప్పు అన్నం దగ్గర ఆగితే లెక్క సరిపోతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక ప్రచురించింది. ఏ తిండి మీదైనా అనుమానం వస్తే డైటీషియన్‌ను ఆ పట్టిక చూసి చెప్పమనండి.

ఐదో పని: ఆ చోట్లో ఏం పెట్టాలి

పొద్దున ఇడ్లీకి బదులు పెట్టే ఒక పళ్ళెం చెప్తాను, చేసి చూడండి. మూకుడులో ఒక పెద్ద చెంచా నెయ్యి వేయండి, అంటే 15 గ్రాములు. జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు వేగాక గుప్పెడు పాలకూర తరిగి వేసి, నీరు ఇగిరేదాకా కదపండి. రెండు గుడ్లు కొట్టి పోసి, పచ్చసొన గట్టిపడేదాకా మూతపెట్టండి. పక్కన వేయించిన పల్లీలు 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు. ఈ పళ్ళెంలో దాదాపు 460 కేలరీలు, 21 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పిండిపదార్థం పది గ్రాముల లోపే. 200 గ్రాముల అన్నంలో ఉండేవి 260 కేలరీలు, ఐదు గ్రాముల మాంసకృత్తులు, 56 గ్రాముల పిండిపదార్థం. ఎక్కువ తినలేని మనిషికి చిన్న పళ్ళెంలో ఎక్కువ బలం పెట్టగలగడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

మిగతా రోజు ఇలా నడపండి. పదకొండు గంటలకు ఒక గిన్నె గడ్డ పెరుగు. మధ్యాహ్నం చిన్న కప్పు అన్నం, 120 గ్రాముల చేప కూర లేదా కోడి కూర, పక్కన ఆనిగెపుకాయో బీరకాయో నువ్వుల పొడి చల్లి. రెండు కూరల్లో కలిపి రెండు పెద్ద చెంచాల పల్లీ నూనె పోవాలి. సాయంత్రం ఒక కొబ్బరి ముక్క, మళ్ళీ గుప్పెడు పల్లీలు. రాత్రి చిన్న జొన్న రొట్టె, రెండు గుడ్ల కూర, పుంటికూర. అంతా కలిపితే 1,800 కేలరీల దగ్గర, 80 గ్రాముల మాంసకృత్తులు, 90 గ్రాముల పిండిపదార్థం వస్తుంది. అరవై కిలోల మనిషికి ఇది చాలు.

నెయ్యి ఒక్కసారిగా పెంచొద్దు. రోజుకు ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచుకుంటూ పోండి, లేకపోతే విరేచనాలు అవుతాయి. డాల్డా వాడొద్దు. పల్లీలు కొనేటప్పుడు బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఒక్కొక్కటీ ఏరి పారేయండి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కు కారణమని తేలింది. వేయించినా పూర్తిగా పోదు. గద్వాల, వనపర్తి వైపు పండిన పంట ఇంట్లోనే ఉన్నా, తడిసిన బస్తాలోవైతే రోగికి పెట్టొద్దు.

మాంసం తిననివాళ్ళకు కొంచెం కష్టమే. పప్పులో మాంసకృత్తులు ఉన్నాయి కానీ పిండిపదార్థం దానికి రెండింతలకు పైగా ఉంటుంది. వాళ్ళకు మీల్ మేకర్ బాగా ఉపయోగపడుతుంది, 50 గ్రాముల ఎండు ముక్కల్లో 25 గ్రాముల దాకా మాంసకృత్తులు దొరుకుతాయి. దాంతోపాటు పనీర్, పెరుగు, పల్లీలు, నువ్వులు.

కీటో పొడులు, కీటో మాత్రలు అని అమ్మేవి కొనొద్దు. ఆ డబ్బుతో చేపలు కొనండి.

కీమో రోజుల్లో పథ్యం పక్కన పెట్టేయండి

కీమో ఎక్కించిన తర్వాత మూడు నాలుగు రోజులు చాలామందికి నూనె వాసనకే కడుపులో తిప్పుతుంది. ఆ రోజుల్లో నెయ్యి ముద్దలు నోటికి అందించొద్దు. పెరుగన్నం, గంజి, చల్లటి మజ్జిగ, ఏది దిగితే అది. రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు. పొట్టకో, కటి భాగానికో రేడియేషన్ పడుతూ విరేచనాలు అవుతుంటే కొవ్వు ఇంకా ఎక్కువ చేస్తుంది, అప్పుడూ ఆపాల్సిందే. నోట్లో పుండ్లు పడితే కారం, పులుపు, వేడి తగ్గించి, మెత్తగా ఉడికించి నలిపిన గుడ్డు, పెరుగు పెట్టండి. బాగైన తర్వాత మళ్ళీ మెల్లగా మొదలుపెట్టొచ్చు. మధ్యలో ఆగినందుకు చెడిపోయేదేం లేదు, రోగితో కూడా అదే చెప్పండి. "అన్నం తిన్నాను, నా గడ్డ పెరుగుతుందేమో" అని భయంతో ఏడ్చే తల్లులు ఉన్నారు. ఆ భయం వాళ్ళకు పెట్టింది మనమే, తీయాల్సిందీ మనమే.

తెల్ల రక్తకణాలు తగ్గిన రోజుల్లో పచ్చిసొన కారే గుడ్డు, పచ్చి కూరగాయ ముక్కలు, బండి మీది చట్నీలు వద్దు. అన్నీ బాగా ఉడికినవే, వేడివేడిగా. పాలు మరగబెట్టి తోడు పెట్టిన ఇంటి పెరుగైతే పెట్టొచ్చా అని మీ ఆసుపత్రిలోనే అడగండి.

పిండిపదార్థం తగ్గించిన మొదటి వారం ఒంట్లోంచి నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. తలనొప్పి, నీరసం, కాళ్ళు పట్టేయడం దానివల్లే. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు లేకపోతే ఉప్పు వేసిన మజ్జిగ, బొక్కల సూప్ రోజూ ఇవ్వండి. మలబద్ధకానికి తోటకూర, గంగవాయిలి కూర, నీళ్ళు.

ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు: జ్వరం 100.4 దాటడం, ఆగకుండా వాంతులు, కడుపు నొప్పితో ఆయాసం, మత్తుగా పడి ఉండటం. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ముందు దగ్గరలోని దానికి తీసుకెళ్ళి, ఏ కీమో ఎప్పుడు ఎక్కించారో, ఏ పథ్యంలో ఉన్నారో రెండూ చెప్పండి.

నెల తర్వాత

క్యాలెండర్ మీది నాలుగు బరువులు, షుగర్ అంకెలు, ఏ పూట ఏం తిన్నారో రాసిన నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. కిడ్నీ, కాలేయం, కొలెస్ట్రాల్ పరీక్షలు మొదట్లో ఒకసారి చేయించి ఉంటారు, వాటితో పోల్చి చూడమనండి. బరువు నిలబడి, పరీక్షలు బాగుండి, తినే మనిషికి ఇష్టంగా ఉంటే కొనసాగించండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా బువ్వ తిరిగి పెంచండి, రోజుకు అరకప్పు చొప్పున, కూరలో గుడ్డు, చేప, పల్లీలు తగ్గించకుండా. షుగర్ మందు డోసు ఈ మధ్యలో తగ్గించి ఉంటే, బువ్వ పెంచేముందే డాక్టర్‌కు ఫోన్ చేసి ఆ మాట చెప్పండి.